అప్‌డేట్: ఫ్లోరైడ్ ప్రాజెక్ట్ ప్రెజెంటేషన్ అయిపోయింది

పోయిన నెల ఇక్కడ అడిగాను: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్ట్, నల్గొండ జిల్లా బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద. ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడాలి, 32 స్లైడ్లున్నాయి, టెన్షన్‌తో నోరు ఎండిపోతోంది, ఏం చేయాలని. నిన్న అయిపోయింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనిచేసింది "స్లైడ్లు కోసెయ్" అన్న సలహానే. 11కి తెచ్చాను. ఎలక్ట్రోడ్‌తో ఎలా కొలిచానో చెప్పే ఆరు స్లైడ్లు ఒక్కటయ్యాయి. పెద్ద టేబుల్ తీసేసి ఒకే గ్రాఫ్ పెట్టాను: ఒక్కో బోరుకు ఒక్కో కడ్డీ, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దగ్గర అడ్డంగా ఎర్ర గీత. వేరే నీళ్లు దొరకనప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఒప్పుకునే గరిష్ఠ పరిమితి అది (మామూలుగా 1 దాటకూడదు). ఆ గీత చూశాక ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

రూమ్మేట్ ముందు టైమర్ పెట్టి చెబితే మొదటిసారి 17 నిమిషాలు పట్టింది! నాలుగోసారికి తొమ్మిదిన్నర. మొదటి మూడు వాక్యాలే బట్టీ పట్టాను, అవి దాటాక వణుకు దానంతటదే పోయింది.

ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం వేసే నల్గొండ పద్ధతిలో నీళ్లలో అల్యూమినియం మిగలదా అని ఒక సార్ అడిగారు. మీరు చెప్పినట్టే దానికి చివర్లో అదనపు స్లైడ్ దాచి ఉంచాను. ఇంకో ప్రశ్నకు "అది నేను కొలవలేదు సార్" అన్నాను. ఆయన తలూపి ఊరుకున్నారు.

అద్దం ముందు ప్రాక్టీస్ నాకు నవ్వు తెప్పించింది తప్ప పనికిరాలేదు. యానిమేషన్లయితే అక్కడి కంప్యూటర్లో రానేలేదు, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పీడీఎఫ్‌తోనే గట్టెక్కాను.