కీబోర్డు వాయిస్తే దశమభాగం చెల్లినట్టేనా?

గాజువాక కీబోర్డు:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ పెద్దాయన ఒకరు పక్కకి పిలిచి, "బాబూ, కానుకల పుస్తకంలో నీ పేరు ఎదురుగా నాలుగు నెలలుగా ఖాళీ" అన్నారు. నాది కాంట్రాక్టు పని. నెలకి 14,000, అదీ ఒక నెల వస్తే ఒక నెల రాదు. కానీ శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం పొద్దున్నే ఆరింటికి వెళ్ళి మైకులూ వైర్లూ, సాయంత్రం యూత్ మీటింగు, అన్నీ కలిపి వారానికి 15 గంటలు అవుతుంది. బయట ఫంక్షన్‌కి వాయిస్తే రాత్రికి 1,500 ఇస్తారు. శనివారాలు వచ్చే పిలుపులన్నీ వదిలేసుకుంటున్నాను. సంపాదనలో పదోవంతు దేవుడికివ్వాలంటారే, ఆ దశమభాగం కింద ఇది లెక్కకి రాదా?

పాత బెంచీ:
రాదు తమ్ముడూ. నీ మనసు నొప్పించాలని కాదు, వాక్యం ఉంది కాబట్టి చెప్తున్నాను. మలాకీ 3:10లో పదియవ భాగం మందిరపు నిధిలోకి తెమ్మన్నాడు, గంటలు తెమ్మనలేదు. "నేను సేవ చేస్తున్నాగా" అంటావా? లేవీయులకంటే ఎక్కువ సేవ ఎవరు చేశారు? మందిరంలో పనే వాళ్ళ బతుకు. అయినా తమకి వచ్చిన పదోవంతులోంచి మళ్ళీ పదోవంతు తీసి ఇచ్చారు. సంఖ్యాకాండం 18:26 చూడు. సేవ వేరు, దశమభాగం వేరు. ఒకటి చేసి రెండోది కొట్టెయ్యమనడం కుదరదు.

లెక్కల తమ్ముడు:
వారానికి 168 గంటలు. పదోవంతు 16.8. అన్నయ్యా, నువ్వింకా గంటా 48 నిమిషాలు బాకీ 😄

కంచరపాలెం అక్క:
నవ్వులాటకేం గానీ, బెంచీ అన్నయ్యగారూ, అదే మలాకీ వచనంలో "నా మందిరములో ఆహారముండునట్లు" అని ఉంది. ధర్మశాస్త్రంలో పదోవంతు అంటే ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువులు. పొలమూ మందా ఉన్నవాడు తెచ్చేది. లేనివాడి సంగతి ద్వితీయోపదేశకాండం 14 చివర్లో ఉంది: మూడో ఏడు పదోవంతు ఊళ్ళోనే ఉంచితే లేవీయుడూ, పరదేశీ, తండ్రిలేని పిల్లలూ, విధవరాళ్ళూ తిని తృప్తిపడతారు. జీతం రాని నెలలో ఈ అబ్బాయి ఇచ్చే వరసలో నిలబడాలో, పుచ్చుకునే వరసలోనో మీ కమిటీలో ఎవరైనా ఆలోచించారా?

మా నానమ్మది భీమిలి దగ్గర. చేతిలో పైసా ఉండేది కాదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం అది మూటకట్టి గుడికి. ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. పాస్టరు అయ్యగారింట్లో మాత్రం పొయ్యి వెలిగేది.

కొండమీద దీపం:
మన విశాఖలో సువార్త మొదలైందే అలా. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని అనువదించే పనిలో పడ్డారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. వాళ్ళు ఇచ్చింది ప్రాణం. దానికి రసీదు ఎవరు రాస్తారు?

పాత బెంచీ:
ఓడ ఛార్జీలు ఎవరు కట్టారు దీపం బ్రదర్? లండన్‌లో ఎవరో చందాలు వేస్తేనే కదా వాళ్ళిక్కడ దిగింది!

కొండమీద దీపం:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను.

ట్రెజరర్‌గారబ్బాయి:
మా నాన్నగారు మా సంఘం లెక్కలు చాలా ఏళ్ళు చూశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి మా మందిరం రేకులన్నీ ఎగిరిపోయాయి. సంఘంలో మేస్త్రీలున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు. వాళ్ళ ఇళ్ళమీదా రేకుల్లేవు, అయినా వచ్చి కూలి లేకుండా చేశారు. కానుకల పుస్తకంలో వాళ్ళ పేర్ల ఎదురుగా ఇవాళ్టికీ గీతే. అలాగని రేకుల కొట్టువాడు మేస్త్రీ చెమట చూసి అప్పు కొట్టెయ్యడు కదా, డబ్బే కట్టాం. కరెంటు బిల్లూ అంతే. కాబట్టి పని డబ్బుకి బదులు రాదు, డబ్బూ పనికి బదులు రాదు. ఐదువేలు కవర్లో పెట్టి కుర్చీ కూడా జరపని వాళ్ళని ఏ పెద్దాయనా పక్కకి పిలవడు, నాకు మండేది అక్కడే. పుస్తకంలో ఖాళీ గురించి అడగాల్సింది కూడా "నీకేమైనా ఇబ్బందా బాబూ" అని.

పాత బెంచీ:
అలా అడిగి ఉండాల్సింది. అది నిజమే.

మద్దిలపాలెం మరియ:
ఇంతమంది ఇన్ని వచనాలు తీశారు, ఒక్కరూ అడగలేదు. కీబోర్డు బ్రదర్, మీకు పెళ్ళయిందా? అయితే ఆ 15 గంటలు మీవేనా? శుక్ర, శని, ఆదివారాలు మీరు గుళ్ళో ఉంటే ఇంట్లో పిల్లల్ని ఎవరు పట్టుకుంటున్నారు? వదులుకున్న ఆ 1,500 ఎవరి పాలడబ్బులు? మార్కు 7లో కొర్బాను సంగతి ఉంది. అమ్మానాన్నలకి చెందాల్సింది "దేవుడికిచ్చేశాను" అని తప్పించుకున్నవాళ్ళని యేసు గట్టిగా అడిగాడు. మీరు తప్పించుకుంటున్నారని అనను. మా ఆయన పరిచారకుడు, అందుకని నాకు తెలుసు. పరిచర్య చేసేది ఆయన, దానికి గంటలు పోసేది నేను.

గాజువాక కీబోర్డు:
మరియ సిస్టర్, రెండ్రోజులు మీకు జవాబు రాయలేకపోయాను. పాప ఉంది, మూడేళ్ళు. రాత్రి మా ఆవిడకి మీ మాట చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "శనివారం పాపని నువ్వు చూసుకో, ప్రాక్టీసుకి నేనెళ్తా" అంది. పెళ్ళికి ముందు వాళ్ళ సంఘం క్వయర్‌లో ఆల్టో పాడేదట. నాలుగేళ్ళ కాపురంలో నేనెప్పుడూ అడగలేదు.

డబ్బు సంగతి, జీతం పడిన నెలలో చేతనైనంత పేరు రాయకుండా కవర్లో వేస్తాను. పుస్తకం ఖాళీగానే ఉండనీయండి.

పాత బెంచీ:
దేవునికి స్తోత్రం. మరి శనివారం కీబోర్డు ఎవరు వాయిస్తారు తమ్ముడూ?

లెక్కల తమ్ముడు:
మీరే నేర్చుకోండి పెద్దాయనా. దేవుడిచ్చిన తలాంతు పాతిపెట్టకూడదు!