పాత పత్రాలను జనానికి చూపిస్తూనే కాపాడుకోవడం ఎలా?

మా స్థానిక చరిత్ర సంఘానికి పలువురి ఇళ్ల నుంచి వచ్చిన పాత ఉత్తరాలు, పత్రికలు, ఫోటోలు బాగానే పోగయ్యాయి. వీటిని భద్రపరచడంతో పాటు ఏటా ఒక ప్రదర్శన, పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేసే కార్యక్రమం కూడా నడపాలన్నది సభ్యుల కోరిక. ఈ పనులు ఒకదానికొకటి అడ్డుపడుతున్న చోటే నాకు సలహా కావాలి.

19వ శతాబ్దం రెండో సగం నుంచి కలప గుజ్జుతో తయారైన చవక కాగితంలో లిగ్నిన్ (కలపలో సహజంగా ఉండే పదార్థం), ఆమ్లం ఉండటం వల్ల ఆ కాలపు పత్రికలు పసుపెక్కి, మడతల దగ్గర ముట్టుకుంటే చాలు పెళుసుగా విరిగిపోతున్నాయి. కొన్నింటికి ఎవరో ఎప్పుడో అంటించిన టేపు ఊడిపోయినా, దాని జిగురు మాత్రం గోధుమరంగు మరకగా అక్షరాల మీదికి ఇంకిపోయింది. లామినేషన్ చేయిద్దామని కొందరు అంటున్నారు. వేడితో అతికిన ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా మళ్లీ తీయడం దాదాపు అసాధ్యం గనుక నేను ఒప్పుకోలేదు (ఆ వాదన ఇంకా తెగలేదు). ఆమ్లరహిత కవర్లు, పాలియెస్టర్ ఫోల్డర్లు మేలని తెలుసు గానీ, డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు వాటిని ముందుగా వేటికి వాడాలి?

ప్రదర్శనలో అసలు పత్రాలనే 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించని వెలుతురులో కొద్ది వారాలు ఉంచవచ్చా, లేక స్కాన్ చేసిన ప్రతులు పెట్టడమే మంచిదా? ప్రతులను చూడటానికి జనం అంత ఆసక్తిగా వస్తారా అన్నది నా సందేహం. అలాగే, జ్ఞాపకాలు చెప్పినవారి నుంచి అనుమతి పత్రం తీసుకునేటప్పుడు, రికార్డింగును కొంతకాలం బయటపెట్టకూడదనే షరతును అందులో ఎలా చేర్చాలో, ఇలాంటి సంఘాల్లో పనిచేసినవారు దయచేసి తెలియజేయగలరు.