సిమ్యులేటర్‌లో మొదటి ట్విన్‌గా (రెండు ఇంజిన్ల విమానం) ఏది కొనాలి: బారనా, డీఏ42నా, అసలు ఏమీ కొనకూడదా?

శంషాబాద్ సెస్నా
ఏడాదిన్నరగా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో సెస్నా 172 ఒక్కటే తిప్పుతున్నా. శంషాబాద్ నుంచి గన్నవరం గంటా పావు, వైజాగ్ అయితే మధ్యలో ఒకసారి టీ తాగొచ్చి కూర్చోవాల్సిందే. ఇక రెండు ఇంజిన్ల విమానంలోకి వెళ్దామని నిర్ణయించుకున్నా. నాది స్టాండర్డ్ ఎడిషన్, అందులో ఈ కాలపు పిస్టన్ ట్విన్ అంటే డీఏ62 ఒక్కటే (బారన్ జి58 కావాలంటే డీలక్స్ కొనాలి). ఒక్క యాడ్‌ఆన్‌కే (సిమ్‌లో విడిగా కొని కలుపుకునే విమానం) డబ్బులున్నాయి, దానికి ఇంట్లో ఒప్పించేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. లిస్టులో ఉన్నవి బ్లాక్ స్క్వేర్ వాళ్ల బారన్, వాళ్లదే డ్యూక్, మిల్‌విజ్ సెస్నా 310ఆర్, కౌస్ డీఏ42, కారెనాడో సెమినోల్. నా దగ్గరున్నది మెలితిప్పే జాయ్‌స్టిక్, ఒకే లివరున్న థ్రాటిల్. రడ్డర్‌ని (తోకలో ముక్కుని పక్కలకి తిప్పే పలకని) కాళ్లతో నడిపే పెడల్స్ లేవు. ఏది తీసుకోమంటారు?

గేజీల పిచ్చోడు
బారన్. ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ. డీఏ62లో రెండు పెద్ద స్క్రీన్లు చూస్తూ కూర్చుంటే నువ్వు నడుపుతున్నది విమానమా, ట్యాబ్లెట్టా అని డౌటొస్తుంది. బ్లాక్ స్క్వేర్ వాళ్ల విమానాల్లో ఒక్కో గేజీకి (సూది మీటరుకి) వేరే ప్రాణం ఉంటుంది, సర్క్యూట్ బ్రేకర్ లాగితే దాని మీద ఆధారపడిన సామానే ఆగుతుంది. నీకిష్టమైన జీపీఎస్ బిగించుకోవచ్చు. రెండు కాంటినెంటల్ ఐఓ-550లు, ఒక్కోటి 300 హార్స్‌పవర్. గన్నవరం ముప్పావు గంటలో దిగుతావు.

డ్యూక్ ఇంకా అందగత్తె. కానీ మొదటి ట్విన్‌గా వద్దు, ఆ 380 హార్స్‌పవర్ టర్బో లైకమింగ్‌లని కిందికి దిగేటప్పుడు బుజ్జగించుకుంటూ రావాలి. నిజం డ్యూక్ ఓనర్లే మెయింటెనెన్స్ బిల్లు చూసి కళ్ల నీళ్లు పెట్టుకునేవారని పేరు.

డీజిల్ మామ
గేజీల అన్నా, అబ్బాయి రాసింది చదివావా? ఒకే లివరు అంటున్నాడు. బారన్‌కి ఎన్ని లివర్లు? రెండు థ్రాటిల్ (పవర్), రెండు ప్రాప్ (ప్రొపెల్లర్), రెండు మిక్స్చర్ (పెట్రోలు, గాలి మిశ్రమం), మొత్తం ఆరు. ఒక్క లివరుతో ఆరింటిని నడపడమంటే ఒక పొయ్యి మీద ఆరు కూరలు వండటమే. ఇంజిన్ ఆగిన క్షణంలో మౌస్ పట్టుకుని వర్చువల్ కాక్‌పిట్‌లో ప్రాప్ లివర్ ఎక్కడుందో వెతుక్కుంటాడు, ఈలోపు విమానం తిరగబడుతుంది. కీబోర్డులో "ఈ" నొక్కి 1, 2తో ఇంజిన్ ఎంచుకోవచ్చు, కానీ మళ్లీ రెండూ ఎంచుకోవడం మర్చిపోయావో, ఒకే ఇంజిన్‌కి పవర్ ఇచ్చి ఇంకోటి ఎందుకు పలకట్లేదని ఆశ్చర్యపోతూ ఉంటావు. అనుభవంతో చెప్తున్నా.

డీఏ42లో ఇంజిన్‌కి ఒక్కటే లివరు. ప్రాప్, మిశ్రమం అంతా కంప్యూటరే చూసుకుంటుంది. థ్రస్ట్‌మాస్టర్ ఎయిర్‌బస్ క్వాడ్రంట్‌లో (లివర్ల పెట్టెలో) ఉన్నవి సరిగ్గా రెండు లివర్లు. అది కొను, దానికి డీఏ42 జత చెయ్యి, అయిపోయింది. పైగా ఇది మన దేశంలో నిజంగా ఎగిరే విమానం, అమేఠీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఐజీఆర్‌యూఏ అనే పైలట్ స్కూల్లో పిల్లలు మల్టీ ఇంజిన్ నేర్చుకునేది దీని మీదే. జెట్ ఫ్యూయల్ తాగుతుంది కాబట్టి అవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) కోసం ఊరూరా తిరిగే గోల ఉండదు.

ఎక్స్‌ప్లేన్ బాబాయ్
ఏదీ కొనొద్దు నాయనా. ఎక్స్‌ప్లేన్ 12 అని ఇంకో సిమ్ ఉంది, దాని డెమో ఉచితం, అందులో బారన్ 58 ఉంది. ఒక ఇంజిన్ ఆపి చూడు, రెక్కల మీద గాలి ఎలా లెక్కేస్తారో తెలుస్తుంది. డబ్బులు మిగిలితే బిర్యానీ తిను.

గేజీల పిచ్చోడు
బాబాయ్, ప్రతి చర్చలోనూ నీది ఇదే పాట. అబ్బాయికి ఇప్పటికే ఒక సిమ్ ఉంది, ఇంకోటి డౌన్‌లోడ్ చేసి మళ్లీ సెట్టింగులు పెట్టుకోమంటావేంటి?

ఎక్స్‌ప్లేన్ బాబాయ్
డెమోనే కదా అన్నది, ఆస్తి రాయించుకోమనలేదు.

కుడికాలు
నేను నిజం డీఏ42 మీద మల్టీ ఇంజిన్ చేశాను (ఎక్కడ అన్నది వదిలేయండి). ఇద్దరూ విమానం గురించే కొట్టుకుంటున్నారు, ట్విన్ అంటే అసలు ఏం నేర్చుకోవాలో ఎవరూ చెప్పట్లేదు. రెండు ఇంజిన్లూ తిరుగుతున్నంతసేపు ట్విన్ అంటే వేగంగా పోయే సింగిలే. ఒకటి ఆగినప్పుడు మొదలవుతుంది అసలు చదువు.

ఎడమది ఆగిందనుకోండి. ముక్కు ఎడమకి లాగుతుంది, దాన్ని నిలబెట్టడానికి కుడికాలు గట్టిగా నొక్కాలి, ఎడమకాలు ఖాళీగా ఉంటుంది. ఖాళీ కాలు ఎటుంటే చచ్చిన ఇంజిన్ అటే. లివర్లన్నీ ముందుకి, గేర్ (చక్రాలు) పైకి, ఫ్లాప్ (రెక్క వెనక కిందికి దించే పలకలు) పైకి, ఆ తర్వాత చచ్చిందనుకున్న దాని థ్రాటిల్ వెనక్కి లాగి నిర్ధారించుకోవాలి, అప్పుడే ఫెదర్, అంటే ఆగిన ప్రాప్ రేకులు గాలికి అడ్డుపడకుండా అంచు మీదికి తిప్పడం. బతికున్న ఇంజిన్ వైపు కొద్దిగా, అయిదు డిగ్రీల లోపు వాలాలి. స్పీడోమీటర్ మీద ఎర్ర గీత కిందికి స్పీడు పడితే రడ్డర్‌కి ఆపే శక్తి ఉండదు, విమానం ఒరిగి తిరగబడుతుంది. నీలం గీత దగ్గర ఉంటే ఒక ఇంజిన్ మీద ఎక్కగలిగినంత ఎక్కుతుంది.

ఇదంతా కాలితో జరిగే పని. జాయ్‌స్టిక్ మెలితిప్పి చేస్తే మణికట్టుకి వస్తుంది, కాలికి రాదు. నన్నడిగితే ముందు పెడల్స్.

ఇక విమానాల సంగతి. డీఏ42ని ఫెదర్ చేయడం సుఖం, ఆ ఇంజిన్ మాస్టర్ స్విచ్ ఆఫ్ చేస్తే చాలు. బారన్, 310లలో ప్రాప్ లివర్ చివరిదాకా లాగాలి, అదీ ఆలస్యం చేయకుండా. ప్రాప్ బాగా నెమ్మదిస్తే లోపలి పిన్నులు పడి ఫెదర్ కాకుండా లాక్ అయిపోతుంది, ఇది డీఏ42 మీద తేలిగ్గా తెలిసే విషయం కాదు. మరోవైపు సెమినోల్‌ని ఇక్కడ ఎవరూ పట్టించుకోవట్లేదు. ప్రాప్‌లు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి కాబట్టి ఏ ఇంజిన్ ఆగినా ఇబ్బంది ఒకటే. మామూలుగా రెండూ ఒకే వైపు తిరిగే ట్విన్‌లో ఎడమది పోతేనే ఎక్కువ కష్టం. మొదట నేర్చుకోవడానికి మంచిదే. తర్వాత బారన్‌కి వెళ్తే మాత్రం ఆ తేడా నెత్తిన పడుతుంది.

ఇంకో మాట, మే నెల సెట్ చేసుకుని చూడండి. శంషాబాద్ ఎత్తు రెండు వేల అడుగులు, 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి విమానానికి అది అయిదున్నర వేలు దాటినట్టు అనిపిస్తుంది. నిండు బరువుతో సెమినోల్ అక్కడ ఒక ఇంజిన్ మీద ఎక్కదు, నెమ్మదిగా దిగుతుంది. రెండో ఇంజిన్ ఉంది కదా అన్న ధైర్యం అక్కడ పనికిరాదు.

గేజీల పిచ్చోడు
మేడమ్, మీరు చెప్పిన పిన్నుల సంగతే నా పాయింటు. డీఏ42లో కంప్యూటరే అన్నీ చేస్తే పిల్లాడు నేర్చుకునేదేంటి? 310ఆర్ ఉదాహరణ తీసుకోండి. మెయిన్ ట్యాంకులు రెక్కల కొసల్లో ఉంటాయి. ఇంజిన్ వాడకుండా తిప్పి పంపిన పెట్రోలు ఆ కొస ట్యాంకుల్లోకే వస్తుంది. ఆక్సిలరీ (అదనపు) ట్యాంకులకి ముందే మారావో, మెయిన్‌లో చోటు లేక పెట్రోలు బయటికి పోతుంది. అందుకే మొదటి గంట, గంటన్నర మెయిన్ మీదే నడపమని పుస్తకంలో ఉంటుంది. ఇలాంటివి తెలిసినప్పుడే కదా మజా.

కుడికాలు
మజా ఒప్పుకుంటా. కానీ అతను మొదటి ట్విన్ అడిగాడు, మూడోది కాదు. పైగా వీటిలో ఎక్కువ యాడ్‌ఆన్‌లు ముప్పై నలభై డాలర్లు, అంటే మూడు వేల చుట్టూ. ఆ డబ్బు పెట్టి కొన్నది నడపలేక హ్యాంగర్‌లో పడేస్తే ఇంట్లో మళ్లీ ఎవరు ఒప్పిస్తారు?

డీజిల్ మామ
అదీ మాట. నేనొకసారి అలాగే ఒక ట్విన్ కొన్నా, పేరు చెప్పను. నాలుగు నెలలు తిరక్కుండానే అప్‌డేట్లు ఆపేశారు. అప్పటినుంచి కొనే ముందు చివరి అప్‌డేట్ ఎప్పుడిచ్చారో చూస్తా. 2024 సిమ్‌కి మారే ఆలోచన ఉంటే, అందులో పనిచేస్తుందని అమ్మే పేజీలోనే రాసుందో లేదో చూసుకో.

శంషాబాద్ సెస్నా
మీ గొడవ చదివి, ఏదీ కొనకుండానే నిన్న రాత్రి ఉన్న డీఏ62నే తీశా. శంషాబాద్, 42 డిగ్రీలు, నాలుగు వందల అడుగుల్లో ఎడమ మాస్టర్ ఆఫ్. మొదటిసారి ఒక్క క్షణం ఏం జరుగుతోందో అర్థం కాలేదు, ముక్కు పైకి లాగేశా, అయిపోయింది. రెండోసారి జాయ్‌స్టిక్ మెలితిప్పి పట్టుకున్నా, కానీ రడ్డర్‌తో పాటు తెలీకుండానే రెక్క కూడా వాల్చేస్తున్నా, ఎందుకంటే రెండూ ఒకే కర్రలో ఉన్నాయి! అయిదోసారికి సర్క్యూట్ (రన్‌వే చుట్టూ ఒక చుట్టు) తిరిగి మళ్లీ రన్‌వే మీద దిగా. చెయ్యి ఇప్పటికీ లాగుతోంది.

ఒక ఫ్రెండ్ కూకట్‌పల్లిలో పాత పెడల్స్ సగం ధరకి అమ్ముతున్నాడు, ఆదివారం వెళ్లి చూసొస్తా. మిగిలిన డబ్బులతో డీఏ42నా, రెండు లివర్ల క్వాడ్రంటా అన్నది ఇంకా తేలలేదు.

గేజీల పిచ్చోడు
పెడల్స్ కొనుక్కో, కాదనను. బారన్ సేల్‌లో పెడితే మాత్రం నీకు మెసేజ్ పెడతా, అప్పుడు నీ సంగతి చూస్తా.

ఎక్స్‌ప్లేన్ బాబాయ్
ఆ పెడల్స్ ఎక్స్‌ప్లేన్‌లో కూడా పనిచేస్తాయి. ఊరికే చెప్తున్నా.