బార్ అసోసియేషన్‌లో ఎలక్ట్రానిక్ సాక్ష్యంపై క్లాసు: ప్రతిపాదన ఎలా రాయాలి?

ట్రయల్‌కోర్టు జూనియర్:
అందరికీ నమస్కారం. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాదులకు వరుసగా నాలుగు క్లాసులు పెట్టమని మా బార్ అసోసియేషన్ కార్యవర్గాన్ని అడగబోతున్నాం. మొదటి దానికి "కొత్త క్రిమినల్ చట్టాలు - అవగాహన సదస్సు" అని పేరు అనుకున్నాం. ప్రతిపాదనలో ఏమేం ఉండాలి? ఎంతసేపు పెడితే జనం కూర్చుంటారు?

సివిల్ సైడ్:
ముందు ఆ పేరు మార్చండి. మూడు చట్టాలూ ఒకే పూటలో చెప్పబోతే ఏదీ బుర్రకెక్కదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యం నకలుతో పాటు కోర్టుకు ఇవ్వాల్సిన ధ్రువపత్రం, ఒక్కటే తీసుకోండి. 1872 సాక్ష్య చట్టంలోని పాత సెక్షన్ 65బి స్థానంలో వచ్చింది ఇదే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు షెడ్యూల్లోనే నమూనా ఇచ్చారు: పార్ట్-ఏ పార్టీ నింపాలి, పార్ట్-బి నిపుణుడు నింపాలి, రెండింట్లోనూ హ్యాష్ వాల్యూ (ఫైలుకి వేలిముద్ర లాంటి అక్షరాల వరస) రాయాలి. క్లాసు అయ్యేసరికి ప్రతి ఒక్కరి చేతిలో తాను నింపిన పార్ట్-ఏ ఉంటుందని ప్రతిపాదనలో మొదటి వాక్యంగా రాయండి. కార్యవర్గం చూసేది అదే.

పేజీ దాటొద్దు. ఎవరికోసం, వక్త గురించి రెండు ముక్కలు, కావలసిన సామాను, రెండు మూడు తేదీలు, సమయం పంపకం, అంతే. కోర్టు అయ్యాక 90 నిమిషాలు చాలు: చట్టానికి 20, ఫారం నింపడానికి 40, అభ్యంతరాలకు 20, ప్రశ్నలకు 10. ఆలస్యంగా మొదలైతే ఉపన్యాసం తగ్గించండి గానీ ఆ 40 ముట్టుకోవద్దు. లోక్ అదాలత్ ఉన్న శనివారం పెట్టకండి.

ఇన్ని గంటలు శిక్షణ పొందాలన్న షరతు అడ్వకేట్స్ చట్టంలో లేదు, కాబట్టి పనికొస్తుందనిపిస్తేనే వస్తారు. సెమినార్లు నిర్వహించడం మాత్రం సెక్షన్ 6(1)(ఈఈ) కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ విధుల్లో ఒకటి. ప్రతిపాదన నకలు అక్కడికీ పంపండి.

క్రిమినల్ సైడ్:
సివిల్ సైడ్ గారి మాటకు ఒకటి కలుపుతాను. హ్యాష్ అంటే ఏమిటో నోటితో చెబితే సరిపోదు, తెరమీద చూపించాలి. చిన్న వీడియోకి ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో హ్యాష్ తీయండి, 64 అక్షరాల వరస వస్తుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశం చాలు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఫైలు పేరు మార్చి మళ్లీ తీయండి, అదే వరస. పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి తీయండి, అప్పుడూ అదే. ఆ వీడియోనే వాట్సాప్‌లో మామూలుగా పంపి, అందుకున్న ఫైలుకి తీయండి: వాట్సాప్ దాన్ని కుదిస్తుంది కాబట్టి వరస మొత్తం మారిపోతుంది. క్లయింటు ఫార్వర్డ్ చేసిన వీడియోకి హ్యాష్ తీసి, అసలు ఫోన్లోదని సర్టిఫికెట్ రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోయేది ఇక్కడే.

అభ్యంతరాల భాగంలో 65బి మీద వచ్చిన రెండు సుప్రీంకోర్టు తీర్పులు చాలు. అసలు పరికరాన్నే తెచ్చి దాని యజమాని బోనెక్కి రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు, నకలుకైతే తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావ్ (2020). సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరం ఆ సాక్ష్యాన్ని కోర్టు రికార్డులో మార్క్ చేసేటప్పుడే చెప్పాలి, అప్పీల్లో మొదటిసారి చెబితే కుదరదని సోను (2017).

ట్రయల్‌కోర్టు జూనియర్:
చాలా ఉపయోగపడింది సార్. పాత కేసులకు ఏ ఫారం? నడుస్తున్న కేసులోని సీసీటీవీ ఫుటేజీ వాడొచ్చా?

సివిల్ సైడ్:
2024 జూలై 1 నాటికే పెండింగ్‌లో ఉన్న విచారణలకు, అప్పీళ్లకు కొత్త అధినియమం సెక్షన్ 170 ప్రకారం 1872 చట్టమే వర్తిస్తుంది. అంటే 65బి సర్టిఫికెట్టే. రెండు నమూనాలూ ప్రింట్ తీసి పంచండి, లేకపోతే క్లాసంతా ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. పార్ట్-బిలో "నిపుణుడు" అంటే ఎవరో 63లో విడమర్చలేదు, దాని మీదా అడుగుతారు. వక్తకు ముందే చెప్పి ఉంచండి.

కేసు ఫుటేజీ మాత్రం వద్దు. క్లయింటు ఇచ్చింది బయటపెట్టకూడదని అదే అధినియమం సెక్షన్ 132 చెబుతోంది. బార్ హాల్లోనే ఖాళీ కుర్చీలను పది సెకన్లు ఫోన్లో తీసి వాడుకోండి.