సూ తెగవారి చిత్రిత చర్మవస్త్రం: బైసన్ తోలా, ఆవు తోలా?

ఒక మ్యూజియం సేకరణలోని, ఉత్తర అమెరికా మైదానాల ఆదివాసులైన సూ (Sioux) తెగ స్త్రీల చర్మపు దుప్పటిని దాని ఫొటోల ద్వారా అధ్యయనం చేస్తున్నాను. ఎరుపు, పసుపు, నలుపు రంగులలో మధ్యన పెట్టె, చుట్టూ అంచు ఉన్న రేఖాచిత్రం దానిపై ఉంది. ఆ సమాజంలో ఇటువంటి జ్యామితీయ చిత్రణ స్త్రీలదే, యుద్ధ ఘట్టాలను చిత్రించేది పురుషులు. వివరణలో ‘చర్మం, రంగులు’ అని మాత్రమే ఉంది, కాలం లేదు. 1880ల నాటికి అక్కడి బైసన్ (అమెరికా అడవిదున్న) మందలు దాదాపు అంతరించి, ఆవు తోలు వాడకం పెరిగింది కనుక, తోలు ఏదో తేలితే కాలాన్ని కొంతవరకైనా ఊహించవచ్చు.

ఫొటోను పెద్దది చేసి చూస్తే నడుమ నిలువుగా ఒక కుట్టు కనిపించింది. బరువైన బైసన్ తోలును రెండుగా కోసి, పదును చేశాక మళ్ళీ కుట్టే పద్ధతి ఉండేదని తెలుసు గానీ, ఆ ఒక్క ఆధారంతో నిర్ణయించడం నాకు సరికాదనిపిస్తోంది. వెంట్రుకల వైపు ఫొటో లేదు. మూడు వారాల క్రితం మ్యూజియంకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

రంగు వేసిన లోపలి వైపు ఫొటో మాత్రమే ఉన్నప్పుడు, అది బైసన్ తోలో ఆవు తోలో ఏ గుర్తులను బట్టి చెప్పవచ్చు?