ఓపినమ్మకా, ఓర్చినమ్మకా?

పెన్నొడ్డు: నిన్న అమ్మను చూపించడానికి నెల్లూరు తీసుకెళ్లి ఓపీ చీటీ పట్టుకుని మూడు గంటలు కూర్చున్నాం. నేను విసుక్కుంటుంటే పక్కన కావలి అవ్వ 'ఓపినమ్మకు ఏవో నీళ్లు నాయనా' అంది, అంతలో టోకెన్ నంబరు పిలిచారు, మధ్యలో మాట వినపడలేదు. ఏం నీళ్లు? ఇంకోటి, పేషెంటుకీ పేషెన్సుకీ మూలం ఒకటేనా?

ఒంగోలుగిత్త: తేటనీళ్లు. అయితే అది ఓపినమ్మ కాదు, ఓర్చినమ్మ. ఎండాకాలం గుండ్లకమ్మ ఇసుకలో చెలమ తవ్వితే ముందు ఊరేది బురదే. ఆత్రపడి ముంచితే అదే బిందెలోకొస్తుంది, కాసేపు ఆగి కొబ్బరిచిప్పతో మెల్లగా తోడుకున్నామెకు తేట. మా నాయనమ్మ తోడుతుంటే పక్కన కూర్చున్నవాణ్ణి, ఇందులో నాకు డౌటు లేదు.

మూలపేట: మా అమ్మమ్మ ఓపినమ్మ అనే అనేది. ఏదైనా అర్థం మారదుగా. రెండోదానికి, అవును, ఒకటే. లాటిన్‌లో 'పాతి' అంటే బాధపడడం, భరించడం. 'పాతియెన్స్' అంటే భరిస్తున్నవాడు. పాసివ్, పాషన్ కూడా ఆ కడుపున పుట్టినవే.

పాతపంతులు: అర్థం మారదంటే ఎట్లబ్బా! ఓర్పంటే సహనం, అంతే. ఓపికలో సత్తువ కూడా ఉంది. జ్వరమొస్తే 'లేచి కూర్చునే ఓపిక లేదు' అంటాం గానీ 'ఓర్పు లేదు' అంటామా? లాటిన్ వాళ్ల పేషెంటు ఓర్చుకునేవాడు, మన పేషెంటు ఓపిక లేనివాడు. పోతన ఏనుగు 'లావొక్కింతయు లేదు' అని మొరపెట్టుకుంటే లావంటే బలం. ఇప్పుడు లావైతే డాక్టరు చేత చీవాట్లే.

మూలపేట: తిక్కన మా ఊళ్లో ఉండగా పోతన దాకా ఎందుకు సార్?

ఒంగోలుగిత్త: మీకు తిక్కనుంటే మాకు ఎర్రన. ఆయన గుడ్లూరును 2022లో మీ జిల్లాలో కలుపుకున్నారు, సరే. కనీసం ఆ 'ర్చి'నైనా మాకు వదలండి.

పాతపంతులు: అసలు సంగతి చెప్పనీరే! భాషాశాస్త్రంలోనూ పేషెంటు ఉన్నాడు. పని ఎవరి మీద జరుగుతుందో వాడు. మన వ్యాకరణంలో దాదాపు కర్మ.

పెన్నొడ్డు: కర్మే సార్. సోమవారం మళ్లీ రమ్మన్నారు. ఆ అవ్వ కనబడితే ఓపినా, ఓర్చినా అడుగుతా, ఈసారి టోకెన్ పిలవకముందే.