నార్తర్న్ కేప్‌లో ఏ నేల దేనికో ప్రావిన్సు ప్రభుత్వమే గీత గీయాలా?

కింబర్లీ_కబురు (చర్చ మొదలుపెట్టినవారు)

నేను దక్షిణాఫ్రికాలో మ్యాపుల పని చేస్తాను. ఇక్కడ మా మధ్య తరచూ నడిచే వాదనను మనవాళ్ల ముందు పెడుతున్నాను. రాయలసీమ సోలార్ పార్కుల గురించి మనం మాట్లాడుకునే విషయాలకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

నార్తర్న్ కేప్ ప్రావిన్సు వైశాల్యం 3,72,889 చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఇందులో పట్టగా ఇంకా లక్షకు దగ్గరగా మిగులుతుంది. జనాభా మాత్రం 2022 లెక్కల ప్రకారం 13.5 లక్షల చిల్లర. అంతా ఎండిన నేలే కానీ అంతా ఒకటి కాదు. పడమర నమక్వాలాండ్‌లో వాన చలికాలంలో పడుతుంది, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నేలంతా పూలే. తూర్పున కింబర్లీ వైపు వేసవి వానలు. మధ్యలో కరూ, గొర్రెల సీమ. ఉత్తరాన కలహారి ఎర్ర ఇసుక, ఆ అంచున కాథు, హోటజెల్ దగ్గర ఇనుము, మాంగనీసు గనులు. వీటి మధ్యగా ఆరెంజ్ నది, దాని ఒడ్డున అపింగ్టన్, కాకమాస్ ద్రాక్షతోటలు.

2013లో వచ్చిన స్ప్లూమా అనే భూ వినియోగ చట్టం ప్రకారం దేశానికి, ప్రావిన్సుకు, మునిసిపాలిటీకి వేర్వేరు స్థల ప్రణాళికలు ఉండాలి. నా ఉద్దేశంలో ఇంత పెద్ద చోట ఏ నేల దేనికి అన్నది నేల స్వభావాన్ని బట్టి ప్రావిన్సు స్థాయిలోనే తేలాలి. కరూలోని చిన్న మునిసిపాలిటీకి సరైన ప్లానర్‌ను పెట్టుకునే స్తోమత ఉండదు. పెద్ద కంపెనీ ఫైలు పట్టుకొచ్చి టేబుల్ మీద పెడితే వాళ్లు ఏం ప్రశ్న అడగగలరు? మీరంతా ఏమంటారు?

పెన్నా_ఒడ్డు

అన్నా, నేల స్వభావం అన్నారు. దాన్ని ఎవరు చూసి రాస్తారన్నదే నా భయం.

మీ ప్రావిన్సులోదే తీసుకోండి. కార్నార్వన్ దగ్గర మీర్‌క్యాట్ రేడియో టెలిస్కోపు, 64 డిష్‌లు, 2018లో ప్రారంభమైంది. అదే ఇప్పుడు ఎస్‌కేఏ అనే 197 డిష్‌ల అంతర్జాతీయ టెలిస్కోపులో భాగం అవుతోంది. మన దేశం కూడా ఆ ప్రాజెక్టుకు 1,250 కోట్లు కేటాయించింది కాబట్టి ఇందులో మనకూ బాధ్యత ఉంది. ఆ చోటును ఎందుకు ఎంచుకున్నారు? జనం తక్కువ, సెల్ టవర్లు తక్కువ, రేడియో సిగ్నళ్ల రొద లేదు. ఆ నిశ్శబ్దాన్ని కాపాడటానికి 2007లోనే ప్రత్యేక చట్టం చేశారు. సైన్సుకు అది గొప్ప విషయమే. కానీ అందుకోసం సుమారు 1,30,000 హెక్టార్ల గొర్రెల ఫారాలు కొన్నారు. ఫారం ఓనరుకు ధర ముట్టింది. అదే ఫారంలో తాతల కాలం నుంచి గొర్రెలు కాసి, ఉన్ని కత్తిరించిన కుటుంబానికి అమ్ముకోవడానికి ఏముంది? పని పోయింది, ఉంటున్న ఇల్లూ ఓనరుదే. వాళ్ల పేరు ఏ మ్యాపులోనూ లేదు.

మా వైపూ అంతే. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు 2017లో వచ్చింది. ఇలాంటి పార్కు ఎక్కడ వచ్చినా కాగితం ఉన్నవాడికి ఎంతో కొంత దక్కుతుంది. ఆ బీళ్లలో మందను మేపుకునేవాడు మాత్రం ఎవరి లెక్కలోకీ రాడు. పై నుంచి గీసే గీతకు మనుషులు కనపడరు అన్నా, అందుకే నేను వ్యతిరేకం.

గ్రిడ్_లెక్క

ఇద్దరూ నేల గురించే మాట్లాడుతున్నారు. నేను పవర్ ట్రాన్స్‌మిషన్‌లో ఉన్నాను, నాకు తెలిసింది చెబుతాను.

2018లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఎండ, గాలి విద్యుత్తుకు 8 జోన్లు ప్రకటించింది. వాటిలో అపింగ్టన్, స్ప్రింగ్‌బాక్ జోన్లు, కింబర్లీ జోన్‌లో కొంత భాగం ఈ ప్రావిన్సులోవే. జోన్ లోపల ప్రాజెక్టు పెడితే పూర్తి స్థాయి పర్యావరణ అధ్యయనం అక్కర్లేదు, చిన్న అధ్యయనంతో పని అవుతుంది. మ్యాపు బాగుంది, పెట్టుబడులూ వచ్చాయి. కానీ కరెంటు కావాల్సింది జోహనెస్‌బర్గ్ చుట్టుపక్కల, వందల కిలోమీటర్ల అవతల. 2022లో ప్రభుత్వం కరెంటు కొనడానికి పిలిచిన ఆరో రౌండు బిడ్లలో ఒక్క గాలి ప్రాజెక్టు కూడా ఎంపిక కాలేదు. కారణం, కేప్ ప్రావిన్సుల వైపు లైన్లలో ఖాళీ లేకపోవడమే.

గీత ప్రావిన్సు గీసినా మునిసిపాలిటీ గీసినా వైరు లేకపోతే లాభం లేదు. ప్రణాళిక అంటే ముందు లైన్లు, తర్వాతే జోన్లు.

కింబర్లీ_కబురు

గ్రిడ్ గారూ, మీ మాటే నా వాదనకు బలం. లైను ఏ మునిసిపాలిటీ సరిహద్దు దగ్గరా ఆగదు. సిషెన్ నుంచి సల్దాన్యా రేవుకు ఇనుప ఖనిజం మోసే రైలు మార్గం 861 కిలోమీటర్లు. ఇలాంటివాటిని ఏ ఊరి కౌన్సిలూ ఒంటరిగా ఆలోచించలేదు.

పెన్నా తమ్ముడూ, ప్రావిన్సు గీత గీస్తే స్థానికుల అధికారం పోతుందని అనుకోవద్దు. ఊరి స్థాయి భూ వినియోగం మునిసిపాలిటీ హక్కు అని 2010లో ఇక్కడి రాజ్యాంగ కోర్టు తేల్చేసింది. గని లైసెన్సు చేతిలో ఉన్నా, ఆ భూమికి మునిసిపాలిటీ పెట్టిన జోనింగ్, అంటే ఏ పనికి వాడాలన్న కేటాయింపు, అందుకు ఒప్పుకోకపోతే తవ్వడానికి లేదని 2012లో ఇంకో తీర్పు వచ్చింది. కాగితం మీద మునిసిపాలిటీకి చాలా బలం ఉంది, లేనిది ఆ బలాన్ని వాడే మనుషులు. ప్రావిన్సు ప్రణాళిక వాళ్ల చేతికి ఒక ఆధారం ఇస్తుంది: "ఇక్కడ ఇది కుదరదని మా ప్రావిన్సు ప్లానులోనే ఉంది" అని కంపెనీ ముఖం మీద చెప్పగలుగుతారు.

టెలిస్కోపు విషయంలో కూలీలకు అన్యాయం జరిగిందన్నది ఒప్పుకుంటాను. కానీ కరూలో షేల్ గ్యాస్ (రాతి పొరల్లో చిక్కుకున్న గ్యాస్) కోసం బోర్లు వేస్తామని కంపెనీలు వరసకట్టిన రోజుల్లో ఆ నేలకు అడ్డుగా నిలబడిన వాటిలో ఆ 2007 చట్టం కూడా ఉంది. అదీ పై నుంచి గీసిన గీతే కదా.

నమక్వా_పూలు

వృక్షశాస్త్రం చదివినదాన్ని, ఈ చర్చలో మొక్కల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

నమక్వాలాండ్‌లోని కొన్ని సక్యులెంట్ మొక్కలు, అంటే ఒంట్లో నీరు దాచుకునేవి, ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క గుట్ట మీద ఉంటాయి. తెల్లటి క్వార్ట్జ్ గులకరాళ్లు పరుచుకున్న చిన్న మడి, దానికి కొన్ని అడుగుల అవతల ఆ మొక్క కనపడదు. ప్రావిన్సు మొత్తానికి వేసిన మ్యాపులో అలాంటి మడి చుక్కంత కూడా రాదు. అక్కడ రంగు వేసి "తక్కువ సున్నితత్వం" అని రాసేస్తే ఒక జాతి పూర్తిగా పోయే ప్రమాదం ఉంది. ఇప్పటికే కోనోఫైటమ్‌లనే చిన్న సక్యులెంట్లను సంచుల్లో పెరికి విదేశాలకు అమ్ముతున్న ముఠాలతో అవి నలిగిపోతున్నాయి.

ఇప్పుడు అదే తీరంలో, పోర్ట్ నొల్లోత్‌కు ఉత్తరాన, బూహుబాయ్ దగ్గర కొత్త రేవు, గ్రీన్ హైడ్రోజన్ అంటున్నారు. ఆ పక్కనే రిక్టర్స్‌వెల్డ్, 2007లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన సీమ. నామా పశుపోషకులు ఇంకా మందలతో రుతువును బట్టి మకాం మారుస్తూ బతికే చోటు అది. ఆ భూమి మీద, అందులోని ఖనిజాల మీద వాళ్ల హక్కును 2003లో రాజ్యాంగ కోర్టు గుర్తించింది. వజ్రాల కోసం వాళ్లను అక్కడి నుంచి నెట్టేసిన డెబ్భై ఎనభై ఏళ్ల తర్వాత దక్కిన న్యాయం అది. అలాంటిచోట రేవు రావాలా వద్దా అన్నది ప్రావిన్సు రాజధాని కింబర్లీలోనో దేశ రాజధాని ప్రిటోరియాలోనో తేల్చేసి, తర్వాత వాళ్లకు మీటింగు పెట్టి చెబితే ఆ తీర్పుకు విలువ ఏముంది?

పూర్తిగా స్థానికంగా వదిలేయమని నేను అనను. ఉద్యోగాలు లేని ఊళ్లు రేవు కోసం ఎదురుచూస్తున్నాయి, ఆ ఆశ తప్పు కాదు. కానీ నేల మీద నడిచి వేసిన సర్వే లేకుండా ఏ స్థాయిలోనూ రంగు వేయకూడదు.

పెన్నా_ఒడ్డు

నమక్వా అక్కా, సరిగ్గా చెప్పారు.

ఇంకో సంగతి. ప్రభుత్వ బిడ్లలో గెలిచిన ప్రైవేటు సోలార్, విండ్ ప్రాజెక్టులు రాబడిలో కొంత ట్రస్టుల లాంటివాటి ద్వారా స్థానికులకు పంచాలని అక్కడ నియమం ఉంది. స్థానికులంటే ప్లాంటు చుట్టూ 50 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లు. మన దగ్గర 50 కిలోమీటర్లలో ఎన్ని ఊళ్లుంటాయో అందరికీ తెలుసు, నార్తర్న్ కేప్‌లో అంత దూరంలో ఒక్క ఊరు కూడా ఉండకపోవచ్చు. దాంతో డి ఆర్ లాంటి పట్టణం చుట్టూ నాలుగైదు ప్లాంట్లు చేరి, ఒకే ఊరికి అన్ని ట్రస్టుల డబ్బూ వస్తుంది. 60 కిలోమీటర్ల దూరంలోని ఊరు అదే ఎండలో, అదే కరువులో ఉన్నా ఏమీ రాదు. జిల్లా మొత్తానికి ఒకే నిధిగా పెట్టి జనాభాను బట్టి పంచమనండి, అప్పుడు ప్రావిన్సు స్థాయి ప్రణాళికకు నేనూ చేయెత్తుతాను. నష్టం వచ్చే చోట పెద్ద మ్యాపు, డబ్బు పంచే చోట చిన్న వృత్తం అంటే ఎలా అన్నా?

కింబర్లీ_కబురు

50 కిలోమీటర్ల మాట నిజం, దాన్ని నేను సమర్థించను. జిల్లా నిధి మంచి ఆలోచన. ఊళ్ల మధ్య దూరాలు అంత ఉన్నచోట వృత్తం లెక్క పనికిరాదు.

కరూ ఒక్కటే నాలుగు ప్రావిన్సుల్లో పరుచుకుని ఉంది. అలాంటి చోటికి 18వ సెక్షన్ కింద ప్రాంతీయ ప్రణాళిక వేసే వీలు చట్టంలోనే ఉంది. నేల హద్దును బట్టి ప్రణాళిక ఉండాలన్న నా కోరికకు దగ్గరగా ఉండేది అదే. అందులో మీరన్న గొర్రెల కాపరుల లెక్క, అక్క చెప్పిన సర్వే రెండూ ముందే చేరాలి.

నీళ్ల దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గను. ఆరెంజ్ నది లెసోతోలో పుట్టి, గారీప్, వాండర్‌క్లూఫ్ డ్యాములు దాటి, ద్రాక్షతోటలకు నీళ్లిచ్చి, చివర్లో నమీబియాతో సరిహద్దుగా సాగి సముద్రంలో కలుస్తుంది. అపింగ్టన్ ఎంత తోడుకుంటుందో అలెగ్జాండర్ బే దగ్గర అంత తగ్గుతుంది. దాన్ని ఏ మునిసిపాలిటీ చేతికీ ఇవ్వలేం.

పెన్నా_ఒడ్డు

నది విషయంలో మీతోనే ఉన్నాను. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) చివరి ఆయకట్టు వాళ్లం, పైవాడు తోడుకుంటే కిందవాడికి ఏమవుతుందో మాకు తెలుసు. నేల విషయంలో మాత్రం నా మాట అదే. కాపరుల లెక్క ముందే చేరాలి అన్నారు కదా, ఆ లెక్క పూర్తయ్యేదాకా జోన్ ప్రకటన ఆపాలని కూడా రాయించగలరా? అది రాయకపోతే లెక్క ఎప్పటికీ మొదలుకాదు.